ఎదురుమొండి పంటు దాటి వెళ్లేవారికి: పోటుపాట్లు, బావురుపిల్లి, తాబేళ్లు

ఫిబ్రవరిలో ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని, కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఎదురుమొండి దీవికి వెళ్లాలనుకుంటున్నామని మీరు రాశారు. ఏటిమొగ రేవు దగ్గర పంటు అనే బల్లకట్టు మీద దాటడం పిల్లలతో క్షేమమేనా, చేపలు పట్టి తినే బావురుపిల్లీ సముద్రపు తాబేళ్లూ నిజంగా కంటికి కనిపిస్తాయా, రాత్రి ఉండటానికి వసతి దొరుకుతుందా అని అడిగారు. నేను 2013 నుంచి 2018 వరకు ఆ దీవుల్లోని ఒక ఊరి బడిలో ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. అవనిగడ్డలో అద్దె ఇంట్లో ఉంటూ, సెలవు రోజులు తప్పించి ప్రతి ఉదయం ఆ పంటు ఎక్కి, ప్రతి సాయంత్రం దాని మీదే తిరిగి వచ్చాను. కనుక పుస్తకాల్లో చదివింది కాకుండా, చూసిందీ అక్కడివాళ్లు నేర్పిందీ రాస్తాను.

ముందుగా ఆ నేల స్వరూపం తెలుసుకుంటే మిగిలినవన్నీ సులభంగా అర్థమవుతాయి. విజయవాడ దాటి వచ్చిన కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలవుతుంది, ఆ రెంటి నడుమ ఉన్నదే దివిసీమ. పెద్ద పాయ నాగాయలంక దిగువన మళ్లీ చీలికలై సముద్రంలోకి వెళుతుంది. ఆ చీలికల మధ్య ఏరు తెచ్చి పోసిన ఒండ్రు మీద ఎదురుమొండి, నాచుగుంట, గొల్లమంద, బ్రహ్మయ్యగారిమూల, జింకపాలెం వంటి ఊళ్లు నిలబడి ఉన్నాయి. ఈలచెట్లదిబ్బ వీటికి విడిగా ఉన్న మరో దీవి, దానికి పడవ వేరు. ఊళ్లు దాటి సముద్రం వైపు నడిస్తే పొలాలు, ఆ తరువాత రొయ్యల చెరువులు, వాటి వెనుక ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవి, చివరగా ఇసుక తీరం వస్తాయి. ఈ మడ అడవులను కలుపుకొని సుమారు 195 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అందువల్ల అక్కడ ఊరు ఎక్కడ ముగుస్తుందో, అడవి ఎక్కడ మొదలవుతుందో కొత్తవారికి తెలియదు. ఆ సంగతి గుర్తుంచుకుని, మడ అడవిలోకి గానీ రాత్రివేళ తీరానికి గానీ వెళ్లాలనుకుంటే అటవీశాఖ వారిని ముందుగా అడిగి, వారు పంపిన మనిషితోనే వెళ్లండి.

ఇక పంటు సంగతి. మీరు హైదరాబాదులో ఉంటున్నామని రాశారు కాబట్టి, పంటు ఎలా ఉంటుందో తెలియకపోవచ్చునని చెబుతున్నాను. రెండు పడవలను పక్కపక్కన చేర్చి, వాటి మీద అడ్డంగా బల్లలు పరిచి, ఇంజను బిగిస్తే అది పంటు. దాని మీదికి ఆటోలు ఎక్కుతాయి, మోటారు సైకిళ్లు ఎక్కుతాయి, గడ్డిమోపులు, గ్యాసు బండలు, పాల క్యాన్లు, ఇసుక బస్తాలు, పెళ్లివారు, పరీక్ష రాయబోయే పిల్లలు అందరూ ఎక్కుతారు. తిరుగు ప్రయాణంలో తడి గోనెపట్టా కప్పిన పీతల బుట్టలు ఎక్కుతాయి. మడ పాయల్లో పట్టిన ఆ మండపీతల డెక్కలను తాడుతో కట్టి, ప్రాణంతోనే బయటి మార్కెట్లకు పంపుతారు. నేను నిలబడిన చోట కాలి పక్కనే ఆ బుట్టల్లోంచి బుడగలు చిట్లుతున్న సన్నని చప్పుడు వినబడేది. మొదటి వారం భయపడ్డాను, ఆ తరువాత ఆ చప్పుడు లేని సాయంత్రం ఏదో వెలితిగా అనిపించేది.

క్షేమం గురించి అడిగారు. మామూలు రోజుల్లో ఆ దాటడంలో భయపడవలసింది ఏమీ లేదు. అయితే మూడు మాటలు తప్పక పాటించండి. పంటు ఒడ్డుకు ఆని, పలకను పూర్తిగా దించేవరకు పిల్లలను అంచుకు పోనివ్వకండి. కారు తీసుకురాకుండా ఏటిమొగ రేవులోనే వదిలి, అవతల ఆటో మాట్లాడుకోండి. గాలి బలంగా ఉన్న రోజున ‘ఇప్పుడు తియ్యం’ అని పంటు నడిపే సరంగు అంటే, ఆయనతో వాదించకండి. ఏటి మీద ఆయనకు కనిపించేది మనకు కనిపించదు. రేవులో ప్రాణరక్షక జాకెట్లు ఎప్పుడూ అందరికీ సరిపడా ఉంటాయనుకోవద్దు. పిల్లల కొలతకు సరిపోయేవి మీరే తెచ్చుకుంటే మంచిదని నా గట్టి అభిప్రాయం.

అక్కడ గడియారం కన్నా పోటుపాట్లు ముఖ్యం. సముద్రం దగ్గర కనుక ఏటి నీరు రోజుకు రెండుసార్లు పొంగుతుంది, అది పోటు; రెండుసార్లు తీస్తుంది, అది పాటు. అమావాస్యకూ పౌర్ణమికీ ఆ తేడా బాగా పెరుగుతుంది. ఒక డిసెంబరు సాయంత్రం, పాటు బాగా తీసిన వేళ, మేము ఎక్కిన పంటు నడి ఏటిలో మేట మీదికెక్కి ఆగిపోయింది. సరంగు వెదురు గడ నీళ్లలో గుచ్చి చూసి, మళ్లీ పోటు తగిలేదాకా కదలదని చెప్పి, ఇంజను ఆపేశాడు. గంటన్నరసేపు మేమంతా అక్కడే ఉన్నాం. ఒకరూ విసుక్కోలేదు. ఒక ముసలమ్మ తన మూటలోంచి ఉడకబెట్టిన చిలగడదుంపలు తీసి అందరికీ పంచింది. చీకటి పడుతుండగా బల్లల కింద నీరు చప్పుడు చేయడం మొదలై, పంటు తనంతట తానే కాస్త ఊగింది. సరంగు ‘లేచిందండీ’ అన్నాడు. ఆ రోజు నుంచి నేను కూడా పంచాంగంలో తిథి చూసుకుని బయలుదేరడం నేర్చుకున్నాను. మీరు వెళ్లే రోజున కూడా పాటు ఎప్పుడు తీస్తుందో రేవులో అడిగి తెలుసుకోండి, ఎవరిని అడిగినా చెబుతారు.

బావురుపిల్లి విషయంలో మిమ్మల్ని ఆశపెట్టను. నా ఐదేళ్ల ఉద్యోగంలో నేను దానిని కళ్లారా చూసింది ఒక్కసారి, అదీ కొన్ని క్షణాలు మాత్రమే. అది రాత్రిపూట తిరిగే జంతువు. ఇంటి పిల్లికి రెండింతలుంటుంది, బూడిద రంగులో పచ్చటి ఛాయ కలిసిన ఒళ్లు మీద నల్లటి చుక్కలు వరుసలుగా ఉంటాయి, తోక పొట్టిగా, కాస్త లావుగా ఉంటుంది. చేపలను పట్టి తినడం దాని వృత్తి. నీటి అంచున కదలకుండా కూర్చుని పంజాతో కొడుతుంది, అవసరమైతే నీళ్లలోకి దూకి ఈదుతుంది. ముందు కాళ్ల వేళ్ల మధ్య కొద్దిపాటి చర్మపు పొర ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు అది, అంటే పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే ఉంది. ప్రపంచంలో దీని సంఖ్య తగ్గిపోతున్న మాట నిజం. చిత్తడి నేలలను పూడ్చడం, మడ అడవులను కొట్టి చెరువులు తవ్వడం అందుకు ముఖ్య కారణాలు. కృష్ణా మడ అడవుల్లో, జంతువు ఎదుటికి రాగానే తామే ఫోటో తీసే కెమెరా ట్రాపులు పెట్టి ఇది ఇక్కడ ఉన్నదని నిరూపించారు గానీ, ఊరివారికి ఆ సంగతి చెప్పడానికి కెమెరా అవసరం లేదు.

నేను చూసింది ఎలాగంటే, ఒక మాఘమాసపు ఉదయం మొదటి పంటుకు వచ్చి, మంచు విడవక ముందే చెరువు గట్టు మీదుగా బడికి నడుస్తున్నాను. నాతో వస్తున్న ఆరో తరగతి పిల్లవాడు నా చేయి పట్టుకుని ఆపాడు. గట్టు కింద తడి బురదలో అడుగుజాడలు ఉన్నాయి. వాటిని ఎలా చదవాలో వాడే నాకు నేర్పాడు: కుక్క జాడలో గోళ్ల గుర్తులు ముందుకు పొడుచుకుని ఉంటాయి, ఇందులో అవి అంతగా కనపడవు, అడుగు గుండ్రంగా వెడల్పుగా ఉంటుంది. జాడల పక్కన ఒక చేప తల, నాలుగైదు పొలుసులు పడి ఉన్నాయి. పొలుసులు ఇంకా తడిగానే ఉన్నాయి. ‘ఇప్పుడే తిన్నది టీచర్’ అన్నాడు వాడు గుసగుసగా. తలెత్తి చూస్తే, అవతలి గట్టు మీద తుమ్మచెట్టు మొదట్లో అది మా వైపే చూస్తూ కూర్చుని ఉంది. పరుగెత్తలేదు, నిదానంగా లేచి మడలోకి వెళ్లిపోయింది.

అందుచేత మీ పిల్లలకు పిల్లిని చూపిస్తానని మాట ఇవ్వకండి, జాడలను వెతుకుదామని చెప్పండి. ఉదయం తొమ్మిదిలోగా, పాటు తీసిన బురద మీద, ఊరి మనిషి ఒకరు తోడుంటే జాడలు దొరికే అవకాశం ఉంది. అడవిలోకి చొరబడి వెతకడం, రాత్రి టార్చిలతో తిరగడం మాత్రం వద్దు. అక్కడి యానాది కుటుంబాలవారు తరతరాలుగా ఇనుప కొక్కెంతో మడ బొరియల్లోంచి పీతలను తీసి బతుకుతున్నవారు, బురద మీది ప్రతి గీత ఎవరిదో వారికి తెలుసు. అటవీశాఖ ద్వారా అటువంటివారు తోడుగా దొరికితే వారికి తగిన కూలి ముందే మాట్లాడుకుని, పూర్తిగా ఇవ్వండి.

అదే బురదలో మీ పిల్లలు చూడదగినవి ఇంకా ఉన్నాయి. తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉండేవి వాటి శ్వాస వేళ్లు. గాలి ఆడని బురదలో ఉండే వేళ్లకు గాలి అందేది వాటి ద్వారానే. వాటిని తొక్కకూడదు. వాటి మధ్య ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న చిన్న చిన్న పీతలు ఆ డెక్కను ఊపుతూ ఉంటాయి, రెక్కల మీద ఊతపెట్టి బురద మీద గెంతే చేపలు కూడా ఉంటాయి. తిల్ల చెట్టు ఆకులు మాత్రం తుంచనివ్వకండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమని అక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు. పక్షుల విషయానికి వస్తే, ఫిబ్రవరిలో తీరం మీద వలస పక్షులు గుంపులుగా ఉంటాయి, గరుడ పక్షులూ లకుముకి పిట్టలూ నీటికాకులూ పంటు మీద నుంచే కనిపిస్తాయి. దుర్భిణి ఉంటే తెచ్చుకోండి.

తాబేళ్ల గురించి మాత్రం కాస్త ఎక్కువ రాయాలనుంది, ఎందుకంటే మీరు వెళ్లే నెల వాటిదే. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ వరకు ఈ తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. ఒడిశా తీరంలో వలె వేలకు వేలుగా రావు, ఒకటీ రెండుగా, రాత్రివేళ వస్తాయి. ఊరివారు నక్కలు, కుక్కలు, అడవిపందులు గుడ్లను తవ్వి తినకుండా అటవీశాఖతో కలిసి వాటిని సేకరిస్తారు. సముద్రానికి కొంచెం ఎగువన వల కట్టిన దొడ్లలో, తల్లి తవ్వినంత లోతులోనే పాతిపెట్టి, తేదీ రాసిన పుల్ల గుచ్చుతారు. నలభై ఐదు నుంచి అరవై రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వేడిని బట్టి అవి ఆడవో మగవో నిర్ణయమవుతాయి, వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ. ఈ విషయం తరగతిలో చెప్పినప్పుడు ఎనిమిదో తరగతి ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు.

2016 ఫిబ్రవరిలో అనుమతి తీసుకుని, ముగ్గురు పెద్ద తరగతి పిల్లలతోనూ వారి తల్లిదండ్రులతోనూ కలిసి నేను ఒక రాత్రి తీరంలో ఉన్నాను. రెండు గంటల వేళ అలల నుంచి ఒక నల్లటి ముద్ద బయటపడి, ఆగుతూ ఆగుతూ ఇసుక మీదికి ఎక్కింది. నేను తొందరపడి టార్చి తీశాను. మాతో ఉన్న, చేపల వేటకు వెళ్లే పెద్దాయన నా చేతి మీద చేయి వేసి, ‘దీపం వెయ్యబాకండమ్మా, అది ఎనక్కి పోద్ది. పిల్లలకి కూడా తప్పుదోవ చూపిద్ది’ అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజమని తరువాత తెలుసుకున్నాను. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రం మీది వెలుగును చూసుకుని నడుస్తాయి, మన దీపం వాటిని ఊరివైపు లాగుతుంది. తల్లి మా ఉనికిని పట్టించుకోనంతగా పనిలో మునిగేదాకా, మేము దూరంగా పడుకున్నట్టుగా ఉండిపోయాం.

అది వెనుక కాళ్లతోనే గొయ్యి తవ్వింది. ఒక కాలు చెంచాలా వంచి ఇసుక తీసి పక్కన పెడుతుంది, రెండో కాలు తన వంతుకోసం ఆగుతుంది. చూడకుండా, తడుముకుంటూ, కూజా ఆకారంలో మోచేతి లోతున తవ్వింది. తరువాత టేబుల్ టెన్నిస్ బంతుల వంటి మెత్తటి పెంకు గుడ్లు రెండేసి మూడేసిగా జారాయి. మర్నాడు లెక్కిస్తే నూట పన్నెండు. దాని కళ్ల నుంచి చిక్కటి నీరు కారుతూనే ఉంది. ఒంట్లోని అధిక ఉప్పును అలా బయటికి పంపుతుందని నాకు తెలుసు, అయినా ఆ సమయంలో తెలిసింది పనికిరాలేదు. గొయ్యి పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకను దిమ్మిస చేసినట్టు కొట్టింది. ఆ ధబ్ ధబ్ చప్పుడు నేల ద్వారా మా ఛాతీలకు తెలిసింది. పెద్దాయన తలపాగా తీసి చేతులు జోడించాడు. వలలో తాబేలు పడితే కూర్మావతారమని తలచి పసుపు కుంకుమ పెట్టి వదిలేవాళ్లమని, తన తండ్రి నేర్పింది అదేనని చెప్పాడు. తీరానికి దగ్గరగా వచ్చే పెద్ద మరబోట్లు నీటిలో ఈడ్చుకుపోయే ట్రాలు వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లను చూసినప్పుడు ఆయన మాట్లాడేవాడు కాదు. తాబేలు తప్పించుకునే పరికరం వలకు పెడితే అది బయటపడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం ఉన్నా, తాబేళ్లు వచ్చే నెలల్లో చాలా భాగం అంతకు ముందే గడిచిపోతుంది. ఆ పరికరం వాడని బోట్ల మీద గట్టి నిఘా ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మీరు పగటి పూట వెళుతున్నా, గుడ్ల దొడ్డిని చూడవచ్చు. ఫిబ్రవరి చివరలో వెళితే తాబేలు పిల్లలను నీటిలోకి వదిలే ఉదయం తటస్థపడవచ్చు. చేత్తో పట్టుకుని ఫోటో తీసుకోవాలని అడగకండి. అవి ఇసుక మీద తామంతట తాము నడిచి నీటిని చేరడం అవసరం.

ఈ ఊళ్లను చూసి ‘ఎంత ప్రశాంతంగా ఉంది’ అనుకునేవారు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 1977 నవంబరు 19, శనివారం నాటి ఉప్పెన ఈ దీవుల మీదుగానే దివిసీమలోకి వచ్చింది. పదివేల మందికి పైగా చనిపోయారు. నా విద్యార్థుల ఇళ్లలో నాయనమ్మ పక్కన ఫోటో లేని తాతలు, పేరు మాత్రమే మిగిలిన మేనత్తలు ఉండేవారు. మడ దట్టంగా ఉన్న చోట నీటి దెబ్బ కాస్త తగ్గిందని అప్పటివారు చెబుతారు. అందుకే అక్కడ మడ మొక్కలు నాటే రోజున ముసలివారు కూడా మోకాలి లోతు బురదలో దిగుతారు. ఊరివారికి ప్రకృతి మీద ప్రేమ లేదని పట్టణంలో ఎవరైనా అన్నప్పుడు నాకు ఆ రోజులు గుర్తుకొస్తాయి.

మీరు ‘వంతెన రాకముందే చూడాలి’ అని కూడా రాశారు. ఆ మాట నన్ను కొంచెం బాధపెట్టింది. ఏటి మీద వంతెన కావాలని ఈ దీవులవారు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఒక రాత్రి మా బడి పిల్లవాడి తల్లిని పాము కరిచింది. పంటు ఆగిపోయిన వేళ. మేనమామ తన వేట పడవలో ఆమెను పడుకోబెట్టి, చీకట్లో దాటించి, అవతల ఒకరి ఆటోను నిద్రలేపి ఆసుపత్రికి చేర్చాడు. ఆమె బతికింది. కానీ ఆ దాటిన సేపు ఆ పిల్లవాడు గట్టు మీద నిలబడి పడవ దీపం వైపు చూసిన చూపును నేను మరచిపోలేదు. వంతెన వస్తే పర్యాటకులు, చెత్త, శబ్దం పెరుగుతాయన్న భయం నిజమే. ఆ భయానికి జవాబు అభయారణ్యం నియమాలను గట్టిగా అమలు చేయడం. పురిటినొప్పుల మనిషిని పోటు కోసం ఆపి ఉంచడం జవాబు కాదు.

వసతి విషయం త్వరగా చెబుతాను. దీవిలో లాడ్జీలు ఉంటాయని నమ్ముకుని వెళ్లకండి. అవనిగడ్డలోనో మోపిదేవిలోనో బస చేసి, తెల్లవారుజామున బయలుదేరి నాగాయలంక మీదుగా ఏటిమొగ చేరండి. తాగే నీరు మీ వెంట తీసుకెళ్లండి, అక్కడ మంచినీటికి ఎప్పుడూ ఇబ్బందే, ఖాళీ సీసాలు తిరిగి మీతోనే తెచ్చుకోండి. భోజనం కావాలంటే ముందురోజే ఎవరితోనైనా చెప్పించుకుంటే రొయ్యల ఇగురో పీతల పులుసో చేసిపెడతారు. అడిగిన వెంటనే దొరకదు. తీరంలో స్నానానికి దిగవద్దు, ఏరూ సముద్రమూ కలిసే చోట అడుగున లాగుడు ఎక్కువ. అవతలి ఒడ్డున పంటు దిగిన వెంటనే, ఇంకేమీ చేయకముందు, ఆ రోజు ఆఖరి పంటు ఎన్నింటికని సరంగును అడగండి. ఆయన చెప్పిన సమయానికి అరగంట ముందే రేవులో ఉండండి.